ఇంటికో పోలికల బావమరిది!

పాట మొదలైందో లేదో "ఇది ఎక్కడిదో నాకు తెలుసు" అని చెయ్యెత్తే మనిషి ఇంటికొకడు ఉండాలి! లేని ఇళ్లకు ప్రభుత్వమే చూసి పంపించాలి. నీళ్లిస్తున్నారు, కరెంటిస్తున్నారు, ఇదొక్కటి ఎందుకివ్వకూడదు?

మీరు నవ్వుతున్నారంటే మీ ఇంట్లో అలాంటివాడు లేడన్నమాట. ఉన్నవాళ్లు ఈపాటికి పేపరు మడిచి పక్కన పెట్టి గోడకేసి చూస్తూ ఉంటారు.

మా ఇంట్లో ఉన్నాడు. మా ఆవిడకి తమ్ముడు, నాకు బావమరిది. మా వీధి చివర వినికిడి మిషన్ల షాపు నడుపుతాడు. చెవులు సరిగ్గా వినపడనివాళ్లని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, కుయ్ కుయ్ మనే శబ్దాలు పంపిస్తాడు. వినపడిన వెంటనే వాళ్లు చెయ్యెత్తాలి. అలా చేతులెత్తేవాళ్లని చూసీ చూసీ అతనికీ అదే జబ్బు పట్టుకుంది. ఏ పాటైనా తెలిసిందనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది. ఒకసారి బస్సులో రేడియో వింటూ ఎత్తాడు. డ్రైవరు స్టాపు అడిగారనుకుని బండి ఆపేశాడు. దిగక తప్పలేదు పాపం. ఇంటికి నడిచొచ్చి, చెమటలు తుడుచుకుంటూ, ఆ పాట ఏ పాత కృతి నుంచి ఎత్తుకొచ్చారో మాకు వివరంగా చెప్పి గానీ మంచినీళ్లు ముట్టుకోలేదు.

అతని సిద్ధాంతం ఒక్కటే. ప్రపంచంలోని రాక్ పాటలన్నీ తోలు జాకెట్ వేసుకున్న శాస్త్రీయ సంగీతమే! జాకెట్ విప్పి చూపించడం తన బాధ్యత అని అతను నమ్ముతాడు. విప్పే పద్ధతి కూడా చాలా శాస్త్రీయంగా ఉంటుంది. ముందు ఫోన్‌లో రాక్ పాట పెడతాడు. అందులోంచి డ్రమ్స్ తీసేస్తాడు. గిటార్ తీసేస్తాడు. మాటలు తీసేస్తాడు. స్పీడు సగానికి తగ్గిస్తాడు. ఇంకా పోలిక దొరక్కపోతే మళ్లీ సగం తగ్గిస్తాడు. చివరికి మిగిలిన నాలుగు మూలుగుల్ని పాత కృతి పక్కన పెట్టి, "చూశారా బావగారూ, అచ్చు గుద్దినట్టు ఉందా లేదా?" అంటాడు.

ఉండక ఏం చేస్తుంది? జుట్టు, ముక్కు, మీసం తీసేసి చూస్తే నేనూ మా ఆఫీసు మేనేజరూ కూడా అచ్చు గుద్దినట్టే ఉంటాం.

అయినా నేను అతన్ని తప్పు పట్టను. అతనివల్ల ఒనగూడే లాభాలు అన్నీ ఇన్నీ కావు!

మొదటిది, టైము. మామూలు ఇళ్లలో ఒక పాట వినాలంటే ఆ పాట మొత్తం వినాలి. ఎంత దండగ! మా ఇంట్లో పల్లవి సగంలోనే చెయ్యి లేస్తుంది, తీర్పు వస్తుంది, పాట ఆగిపోతుంది. గత ఏడాదిగా నేను ఏ పాటకూ చరణం విన్న పాపాన పోలేదు. మిగిలిన టైములో బీరువా సర్దుకున్నాను.

రెండోది, కన్నీళ్ల పొదుపు. మొన్న మా ఆఫీసులో ఒక కుర్రాడి పెళ్లి రిసెప్షన్‌కి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. పెళ్లికొడుకు మైకు పట్టుకుని పెళ్లికూతురి కోసం ఒక పాట పాడాడు. హాలంతా కరిగి నీరైపోతోంది. పెళ్లికూతురి కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా అప్పుడే మా వరసలోంచి చెయ్యి లేచింది. "పల్లవి ఒక రాక్ బ్యాండుది. ఆ రాక్ బ్యాండు దాన్ని పాత కృతిలోంచి తీసుకుంది. మధ్యలో దగ్గు మాత్రం అబ్బాయి సొంతం" అన్నాడు. పెళ్లికూతురి కళ్లు ఇట్టే ఆరిపోయాయి. కాటుక చెదరలేదు, ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. ఆ కుర్రాడు నాతో మాట్లాడటం మానేశాడనుకోండి, అది వేరే విషయం.

మూడోది అన్నిటికన్నా గొప్పది. శాంతి! ఇది చెప్పాలంటే మా ఇంటి భూగోళం మీకు కొంచెం తెలియాలి.

మా ఆవిడ వయొలిన్ టీచరు. సాయంత్రమయ్యేసరికి మా ముందు గది సంగీతం క్లాసు. పిల్లలు వరసగా కూర్చుని, పాఠం తప్పు వాయించి, దిద్దించుకుని, మళ్లీ అదే తప్పు వాయించి ఇళ్లకు వెళ్తారు. మా అమ్మాయి పగలు ప్రింటింగ్ షాపులో విజిటింగ్ కార్డులు డిజైన్ చేస్తుంది. సాయంత్రం వెనక స్టోరు గదిలో రాక్ బ్యాండు నడుపుతుంది. శబ్దం బయటికి పోకుండా గోడలకి గుడ్ల అట్టలు అంటించి, లోపల తనూ, పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటుగా పని చేసే డ్రమ్మరూ, లిఫ్టులు రిపేరు చేసే బేస్ గిటార్ అమ్మాయీ కలిసి విరగదీస్తారు. ముందు గదికీ వెనక గదికీ మధ్య ఒక గోడ, ఒక బీరువా, నేను.

పై అంతస్తులో రిటైరైన మేజిస్ట్రేటు గారుంటారు. వయొలిన్ వినపడితే కిటికీ తెరుస్తారు, గిటార్ వినపడితే కిటికీ మూసి కర్రతో నేల మీద కొడతారు. ఆ కర్ర దెబ్బలు ఎంత కరెక్టుగా తాళంలో పడేవంటే డ్రమ్మరు వాటిని చూసుకుని వాయించడం నేర్చుకున్నాడు. ఒకరోజు పెద్దాయన పోలీసు కంప్లయింటు ఇస్తానని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నేను బీరువా వెనక్కి జరిగాను. బావమరిది మాత్రం కంగారు పడకుండా ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి ఫోన్ తీశాడు. డ్రమ్స్ తీశాడు, గిటార్ తీశాడు, స్పీడు తగ్గించాడు. మా అమ్మాయి బ్యాండు వాయించిన ముక్క ఆయనకి ప్రాణప్రదమైన కృతికి దగ్గర చుట్టమని పది నిమిషాల్లో తేల్చేశాడు.

ఆ మర్నాటి నుంచి గిటార్ మోగితే పైన కిటికీ తెరుచుకుంటోంది! పెద్దాయన కళ్లు మూసుకుని తలాడిస్తున్నారట. శబ్దం అదే, గోడ అదే, చెవులూ అవే. మారిందల్లా దాని ఇంటిపేరు. ఇంత సులువుగా తగువులు తీరుతుంటే కోర్టులెందుకు చెప్పండి?

ఇక అసలు సంగతికి వస్తాను.

మా ఊరి టౌన్ హాల్లో కొత్త పాటల పోటీ పెట్టారు. గెలిచిన బ్యాండు పాటని నిజమైన స్టూడియోలో రికార్డు చేయిస్తారు. మా స్టోరు గదిలో గుడ్ల అట్టల మధ్య చెమటలు కక్కేవాళ్లకి స్టూడియో అంటే స్వర్గం కదా. మా అమ్మాయి తిండీ నిద్రా మానేసి ఒక పాట కట్టింది. వస్తామన్నవాళ్లు ఇంకా రాలేదు, వాళ్ల కోసం తలుపు తీసి ఎదురు చూస్తున్నాను, ఇదీ పాట సంగతి. ఇంట్లో ఎవరికీ వినిపించకుండా దాచిపెట్టింది. ఎవరికి భయపడి దాచిందో వేరే చెప్పాలా?

పోటీకి ఒకే ఒక్క కఠినమైన నిబంధన. ట్యూను బ్యాండులోని వాళ్లే సొంతంగా కట్టినదై ఉండాలి. ఎక్కడినుంచైనా ఎత్తుకొచ్చిందని తేలితే స్టేజి మీంచి దించేస్తారు, ఆ తర్వాత రెండేళ్లు గుమ్మం ఎక్కనివ్వరు. మరి ఎత్తుకొచ్చిందని తేల్చేవాళ్లు కావాలి కదా! నిర్వాహకులు ఊరంతా వాకబు చేస్తే అందరూ ఒకే పేరు చెప్పారట. ఆ విధంగా మా బావమరిది పోలికల పరిశీలకుడయ్యాడు. ఛాతీ మీద బ్యాడ్జీ పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు అతని సంబరం చూడాలి. మా అమ్మాయి ముఖం కూడా చూడాలి.

"మావయ్యా, నా పాటప్పుడు కొంచెం చెవులు మూసుకోవా?" అని అడిగింది.

"అలా ఎలా కుదురుతుందే? నువ్వైతే ఒక రూలు, బయటివాళ్లైతే ఒక రూలా?" అన్నాడు అతను, నిజంగానే బాధపడుతూ. మనిషి అబద్ధమాడడు. అదే అతనితో వచ్చిన చిక్కు.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. జడ్జీల పెద్ద సంగీతం కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరరమ్మ. ఆవిడ పక్కన చిన్న కుర్చీలో బ్యాడ్జీతో మా బావమరిది. మొదటి బ్యాండుకే చెయ్యెత్తాడు. రెండో బ్యాండుకీ ఎత్తాడు. మూడో బ్యాండు భయపడి పాడకుండానే వెళ్లిపోయింది. నాలుగో బ్యాండులో సింగరు ఒక్కడే స్టేజి ఎక్కి, తన పాట ఎక్కడిదో తనే ఒప్పేసుకుని, క్షమాపణ చెప్పి దిగిపోయాడు. చూస్తున్న నాకు అంత ఫ్యాను గాలిలోనూ చెమటలు పట్టాయి. మా ఆవిడ ఎవరింట్లోనో పాఠం ముగించుకుని, భుజాన వయొలిన్ పెట్టెతో ఆలస్యంగా వచ్చి చివరి వరసలో కూర్చుంది. మేజిస్ట్రేటు గారు ముందు వరసలో కర్రతో సహా ఉన్నారు.

మా అమ్మాయి గిటార్ మీద మొదటి ముక్క వాయించింది.

నాకు ఏమైందో తెలియదు. ఆ వెంటనే, సోఫా మీద ఆరేసిన బట్టలు తీసెయ్యాలి అనిపించింది!

టౌన్ హాల్లో సోఫా ఏమిటి, బట్టలేమిటి అని మీరడగొచ్చు. నేనూ నన్ను అదే అడుగుతున్నాను. ఈలోగా బావమరిది చెయ్యి లేచింది. లేచి, మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ పూర్తిగా లేచింది. పాట ఆగిపోయింది. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఇది చాలా పాత కృతి అని అతను ఖచ్చితంగా చెప్పాడు. చిన్నప్పటినుంచీ తమ ఇంట్లో మోగుతూనే ఉందనీ, పాడేది తన సొంత మేనకోడలైనా తను అబద్ధమాడలేననీ చెప్పాడు. ఎవరి కృతి అని లెక్చరరమ్మ అడిగింది. అతను ఫోన్‌లో పాటలు గుర్తుపట్టే యాప్ తెరిచి, ఆ ముక్క కూనిరాగం తీసి దానికి వినిపించాడు. తెర మీద చక్రం చాలాసేపు గిరగిరా తిరిగాక ఫోను తెలియదంది. "చూశారా, ఫోనుకి కూడా అందనంత పాతది" అన్నాడు. మేజిస్ట్రేటు గారు లేచి, ఈ కృతి తను రోజూ సాయంత్రం కిటికీలోంచి వింటున్నాననీ, కనీసం మూడు వందల ఏళ్ల నాటిదై ఉంటుందనీ సాక్ష్యం చెప్పారు. వెనక నుంచి ఎవరో మూడు కాదు, నాలుగన్నారు. పాట వయసు చూస్తుండగానే పెరిగిపోతోంది. లెక్చరరమ్మ కూడా కళ్లు మూసుకుని, తనకీ పాతదనమే తగులుతోందంది.

స్టేజి మీద మా అమ్మాయి గిటార్ పట్టుకుని శిలలా నిలబడింది. "ఇది నాకే తట్టిందనుకున్నాను" అంది మెల్లగా. అంత కోపం నాకు నా బావమరిది మీద ఎప్పుడూ రాలేదు. వెళ్లి ఆ బ్యాడ్జీ పీకేద్దామని లేచాను కూడా.

కానీ అతనింకా పని పూర్తి చెయ్యలేదు. తీర్పులో కర్త పేరు రాయాలి కదా! హాల్లో ఆ పేరు చెప్పగల మనిషి ఒక్కతే ఉందని అతనికి గుర్తొచ్చింది. చివరి వరసకేసి తిరిగాడు.

"అక్కా, చిన్నప్పటినుంచీ వాయిస్తున్నావు కదా. నువ్వే చెప్పు. ఇది ఎవరిది?"

మా ఆవిడ వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అందరూ తిరిగి చూసేసరికి కొంచెం సిగ్గుపడింది.

"నాదేరా" అంది.

నా మటుకు నాకు సోఫా సంగతి అప్పుడు అర్థమైంది. రోజూ సాయంత్రం పిల్లలు ఆలస్యంగా వస్తారు. వాళ్లొచ్చేలోగా మా ఆవిడ తీగలు సరిచేసుకుని, ఊరికే కూర్చోలేక ఏదో ఒక ముక్క వాయిస్తూ ఉంటుంది. అది వినపడిందంటే క్లాసు టైమైందని మాకు గుర్తు. నేను సోఫా మీది బట్టలు తీస్తాను, అమ్మాయి టీవీ కట్టేస్తుంది. మా ఇంట్లో అది పాట కాదు, కాలింగ్ బెల్లు! దాన్ని ఎవరైనా కట్టారనీ, కట్టినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారనీ మాకెందుకు తడుతుంది? వయొలిన్ మీంచి వచ్చింది కాబట్టి ఎప్పుడో పోయిన మహానుభావుడెవరో రాసిపెట్టిందే అయ్యుంటుంది.

ఎప్పుడు కట్టావని లెక్చరరమ్మ అడిగితే మా ఆవిడ పెద్ద కథేమీ చెప్పలేదు. తను చిన్నప్పుడు నేర్చుకునేటప్పుడు మాస్టారు ఆలస్యంగా వచ్చేవారట. ఆయన కోసం ఎదురు చూస్తూ సగం కట్టిందట. ఇప్పుడు తన దగ్గర నేర్చుకునే పిల్లలు ఆలస్యంగా వస్తారు. వాళ్ల కోసం ఎదురు చూస్తూ మిగతాది కట్టుకుంటోందట.

"మరి ఇది నీదని ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా? నేను వెనక గదిలో ఇదే కడుతుంటే గోడ అవతల నీకు వినపడే ఉంటుందిగా!" అంది మా అమ్మాయి స్టేజి మీంచి.

"వినపడింది. ఎవరూ అడగలేదు కదే" అంది మా ఆవిడ. "అయినా నువ్వు మాటలు పెడుతున్నావు. నాకు అది రాలేదు. పూర్తి కానిద్దామని ఊరుకున్నాను."

నిబంధన మాత్రం అలాగే ఉంది కదా! ట్యూను అమ్మాయిది కాదు, అమ్మది. ఎత్తుకొచ్చిందే. లెక్చరరమ్మ చాలా ఇబ్బంది పడుతూ, ట్యూను కట్టినవారు ఈ బ్యాండులో ఉన్నారా అని అడిగింది. అప్పుడు డ్రమ్మరు లేచాడు. పళ్ల డాక్టరు దగ్గర పేషెంట్లని కూర్చోబెట్టే అలవాటు కదా, పక్కనున్న కుర్చీ లాక్కొచ్చి, చేత్తో దుమ్ము దులిపి, స్టేజి మధ్యలో వేశాడు.

"ఉన్నారండీ. మేడం ఎప్పుడూ కొంచెం లేటుగా వస్తారు" అన్నాడు.

మా ఆవిడ వెళ్లి కూర్చుంది. పెట్టె తెరిచింది. తీగలు సరిచేసుకుంటూ అలవాటుగా ఆ ముక్క ఎత్తుకుంది. దాని మీదికి గిటార్ వచ్చింది, గిటార్ మీదికి డ్రమ్స్ వచ్చాయి. అందులోంచి ఎవరూ ఏదీ తీసెయ్యలేదు, స్పీడు తగ్గించలేదు. ఏడాది తర్వాత నేను ఒక పాటకి చరణం విన్నాను. మేజిస్ట్రేటు గారి కర్ర సరిగ్గా తాళంలో పడింది. మా బావమరిది రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చిన పాటకి అతను చెయ్యెత్తాల్సిందట. ఏడుపు హడావిడిలో వినలేదట.

ఇప్పుడు చెప్పండి, నా వాదనలో తప్పుందా? ఆ మహానుభావుడు చెయ్యెత్తి "ఇది ఎవరిది" అని అడక్కపోతే, మా ఇంట్లో ఆ ప్రశ్న ఇంకెవరు అడిగేవారు? భూగోళానికి అవతలి వైపు ఎవడో గిటార్ గోకితే దాని తాతముత్తాతల పేర్లతో సహా చెప్పగల ఇల్లు మాది. ముందు గదిలో మోగేది ఎవరిదని అడగడానికి మాత్రం దానిమీద దొంగతనం మోపాల్సి వచ్చింది. కాబట్టి ఇంటికో పోలికల బావమరిది ఉండాల్సిందే. మీకు కావాలంటే మావాణ్ణి పంపిస్తాను, వారం రోజులు ఉంచుకోండి. ఇంకా ఎక్కువ రోజులైనా మాకు ఇబ్బంది లేదు.

నిన్న సాయంత్రం మళ్లీ పిల్లలు ఆలస్యం చేశారు. ముందు గదిలోంచి వయొలిన్ వినపడింది. ఆ ముక్క కాదు, ఇంకేదో. ఎక్కడో విన్నట్టే ఉంది. పరుగెత్తుకెళ్లి "ఇది ఎవరిది?" అని అడిగాను. ఈమధ్య నేను చాలా తెలివిమీరిపోయాను కదా!

మా ఆవిడ విల్లు ఆపలేదు.

"ముందు వినండి" అంది.

సోఫా మీది బట్టలు ఒక పక్కకి జరిపి కూర్చున్నాను.